తొక్కుకు బదులు తాజా కీర సలాడ్

ఇంట్లో బి.పి. ఉన్నవారికి ఉప్పు తగ్గించాలని డాక్టరుగారు చెప్పినప్పుడు, ఎక్కువ ఇబ్బంది పడేది వంట చేసే మీరే. వార్డులో ఒక తల్లి నన్ను, "సిస్టర్, తొక్కు లేకుంటే ఆయనకు బువ్వ ఎట్ల దిగుతది?" అని అడిగింది. ఆమె అడిగినది న్యాయమే. ఊరికే "వద్దు" అంటే నాలుగు రోజుల్లో తొక్కు మళ్లీ కంచంలోకి వస్తుంది. దాని బదులు ఏమి పెట్టాలో కూడా తెలుసుకోవాలి.

తొక్కులో ఉప్పు ఎందుకు ఎక్కువ?

మామిడికాయ తొక్కు ఏడాది పాటు చెడిపోకుండా నిలవ ఉండేది ముఖ్యంగా ఉప్పు వల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం పెద్దవారు రోజు మొత్తంలో 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలి. అంటే సుమారు ఒక టీ చెంచా. కూర, పప్పు, చారు, తొక్కు అన్నీ ఇందులోకే వస్తాయి. బి.పి. అదుపులో లేకపోతే పక్షవాతం, గుండె జబ్బు, కిడ్నీల దెబ్బ రావచ్చు.

ఏ రోజుకారోజు చేసుకొని తినేదానికి అంత ఉప్పు అక్కరలేదు. కొరియా దేశంలో నిలవ ఉండే కిమ్చితో పాటు, అప్పటికప్పుడు కీరతో 'ఓయి ముచిమ్' అనే సలాడ్ కూడా చేస్తారు. పులుపు, కారం, ఎల్లిపాయ, నువ్వులు దాని రుచి. ఇవన్నీ మన వంటింట్లో ఉన్నవే.

నలుగురికి కావలసినవి

కీర దోసకాయలు 2, చిన్న ఉల్లిగడ్డ 1, ఎల్లిపాయ రెబ్బలు 2, నిమ్మకాయ 1, కారం అర టీ చెంచా, వేయించిన నువ్వులు 2 టీ చెంచాలు, నువ్వుల నూనె 1 టీ చెంచా, ఉప్పు పావు టీ చెంచా మాత్రమే.

చేసే విధానం

1. కీర చెక్కు తీసి, చేదు లేదని రుచి చూసి, పలుచని చక్రాలుగా కోయండి.
2. ఉల్లిగడ్డ సన్నగా తరిగి, ఎల్లిపాయ దంచి కలపండి.
3. కారం, నూనె, నిమ్మరసం వేయండి. కొరియా వారు వెనిగర్, కొంచెం చక్కెర వేస్తారు. మనకు నకిరేకల్ నిమ్మకాయ ఉండగా వెనిగర్ అక్కరలేదు. షుగర్ ఉన్నవారి కోసం చక్కెర మానేయండి.
4. నువ్వులు కచ్చాపచ్చాగా దంచి చల్లండి. నువ్వులు లేకపోతే వేయించిన పల్లీల పొడి వేయవచ్చు.
5. ఉప్పు తినే ముందే వేయండి. ముందుగా వేస్తే కీర నీరు వదులుతుంది.

జొన్న రొట్టెతో గాని, పప్పన్నంతో గాని పెట్టండి. నిమ్మరసంలోని సి విటమిన్ వల్ల జొన్నలు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మిగిలితే రాత్రికి దాచకండి.

శుభ్రత మరువకండి

పచ్చిగా తినేది కాబట్టి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. కాయను చెక్కు తీయకముందే పారే నీటిలో రుద్ది కడగండి. చివరిసారి కాచి చల్లార్చిన నీటితో కడగండి. కత్తి, పీట కూడా కడగాలి. మాంసం కోసిన పీట వాడకండి. నీరు కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. కాబట్టి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీరు కాచినా తాగడానికి, వంటకు పనికిరాదు. భగీరథ నల్లా నీరు గాని, వేరే సురక్షిత నీరు గాని వాడండి.

ఎవరికి పెట్టరాదు?

• విరేచనాలు, వాంతులు ఉన్నవారికి, అవి తగ్గేవరకు.
• కాన్సర్ మందులు వాడుతూ రోగనిరోధక శక్తి తగ్గినవారికి, డాక్టరుగారిని అడగకుండా.
• కడుపు ఆపరేషన్ అయినవారికి, డాక్టరుగారు ఒప్పుకునేవరకు.
• కడుపులో పుండు, మంట ఉన్నవారికి కారం, నిమ్మరసం పడకపోవచ్చు.

కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత తినాలో డాక్టరుగారిని అడగండి. బజారులో అమ్మే 'తక్కువ సోడియం' ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ, గుండె రోగులకు సొంతంగా వాడకండి.

చివరి మాట

ఉప్పు తగ్గిస్తే మొదట చప్పగా అనిపిస్తుంది. కొన్ని వారాలలో నాలుక అలవాటు పడుతుంది. సలాడ్ తింటున్నామని బి.పి. మాత్రలు ఆపకండి. రోగికి ఒక తిండి, మిగతావారికి తొక్కు అని వేరు చేయకండి. అందరి కంచంలో ఒకటే ఉంటే ఆయన మనసు కష్టపడదు, పత్యం నిలుస్తుంది.