ఫోన్‌లో పుట్టే ప్రపంచం



మన పెళ్ళిళ్ళలో ఈమధ్య ఒక వింత చూస్తున్నాం. బుద్ధుని, బాబాసాహెబ్ చిత్రపటాల ముందు వధూవరులు త్రిశరణ పంచశీల చెప్పి దండలు మార్చుకుంటారు. వెంటనే కెమెరా అతను "సరిగ్గా రాలేదు, ఇంకోసారి" అంటాడు. మళ్ళీ మార్చుకుంటారు. ఈసారి నవ్వు బాగా కుదురుతుంది. ఆల్బమ్‌లో మిగిలేది ఈ రెండోదే. మరి పెళ్ళి ఏది?

ఫ్రాన్సు తత్వవేత్త జాఁ బోద్రియార్ 1981లో వచ్చిన తన పుస్తకంలో ఇలాంటి అనుకరణనే 'సిమ్యులేషన్' అన్నాడు. మొదట బొమ్మ అసలును చూపిస్తుంది. తర్వాత అసలును కప్పేస్తుంది. చివరికి వెనక అసలేమీ లేకపోయినా, బొమ్మే అసలుకంటే నిజమనిపిస్తుంది. అదే 'హైపర్ రియాలిటీ', నిజాన్ని మించిన నిజం అనుకోండి. రోజూ ఫిల్టర్ వేసిన ఫొటో చూసుకునే పిల్లకి అద్దంలో తన మొహం నచ్చకపోవడం ఇలాంటిదే.

పేరు కొత్తది గానీ, ఇందులో మనసు పనిచేసే తీరు మనకు కొత్త కాదు. మజ్ఝిమ నికాయంలో మధుపిండిక సుత్తం చదవండి. కన్ను, రూపం, విజ్ఞానం మూడూ కలిస్తే స్పర్శ. స్పర్శ వల్ల వేదన. వేదన అంటే ఇక్కడ బాధ ఒక్కటే కాదు. సుఖం, దుఃఖం, రెండూ కానిది, మూడూ వేదనలే. తర్వాత సంజ్ఞ, అంటే 'ఇది ఫలానా' అని గుర్తుపట్టడం. ఆపైన ఆలోచన. ఆలోచన మీద ఆలోచన అల్లుకుపోతే దానికి పాలిలో పేరు 'పపంచ'. సంస్కృతంలో ప్రపంచ. మనం లోకానికి వాడే మాట అదే, చూశారా! ఆ అల్లికే తిరిగొచ్చి మనిషిని ముంచేస్తుందట. మనుషులు కర్రలు, కత్తులు పట్టేదాకా పోవడానికి మూలం అక్కడే ఉందని సుత్తం చెబుతుంది.

ఇది పుస్తకాల మాట కాదు. రాత్రి పది గంటలకు వాట్సాప్‌లో వీడియో వస్తుంది: బాబాసాహెబ్ విగ్రహానికి అవమానం. గుండె భగ్గుమంటుంది. అలాంటివి నిజంగానే జరుగుతున్నాయి కాబట్టి వెంటనే నమ్ముతాం. కానీ ఆ వీడియో ఏ ఊరిది, ఏ ఏడాదిది? నేనే ఒకసారి అలాంటిదాన్ని చూడకుండానే నలుగురికి పంపాను. తెల్లారి తెలిసింది, అది పాతది, వేరే రాష్ట్రానిది. ఈలోగా మా కుర్రాళ్ళు బండ్ల మీద బయలుదేరారు. దారిలో పెద్దలు ఆపబట్టి సరిపోయింది. లేకపోతే కేసులు ఎవరి మీద పడేవో మీకు చెప్పాలా?

కోపం తప్పని నేను అనను. కోపానికి, ఫార్వర్డ్ బటన్‌కి మధ్య ఒక ఊపిరి చాలు. నేను చూసింది ఎంత, కలిపింది ఎంత? ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళకి ఒక ఫోన్ చెయ్యండి. నిజమని తేలితే తేదీ, స్థలం, సాక్షులతో కాగితం మీద ఫిర్యాదు రాయండి. బాబాసాహెబ్ మనకు నేర్పిన పోరాటం అదే కదా.

అలాగని బొమ్మలన్నీ వద్దనేనా? అమరావతి శిల్పాలు చూడండి. అక్కడి తొలి శిల్పులు చాలాచోట్ల బుద్ధుని రూపం చెక్కలేదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం, అంతే. అది గుర్తు మాత్రమేనని ఆ రాయే చెబుతుంది. బోద్రియార్‌ని చదివితే ఈ బొమ్మల లోకం నుంచి వెనక్కి దారే లేదేమో అనిపిస్తుంది. ఇక్కడే ఆయనతో నాకు పేచీ. శ్వాస ఉంది, ఆకలి ఉంది, పక్కన కూర్చున్న మనిషి ఉన్నాడు. బుద్ధుడు సతిపట్ఠానంలో శరీరం నుంచే మొదలుపెట్టమన్నాడు.

ఈ ఆదివారం విహారంలో వందన అయ్యేదాకా ఫోన్లు చెప్పుల దగ్గర వదిలి కూర్చుందాం. ఫొటో ఏదని ఎవరైనా అడిగితే, వచ్చే వారం వాళ్ళనే రమ్మని పిలవండి.