పాత డీసెల్ బండిలో ఇంజను కొట్టుడు: కారణము నెరుంగు విధము

గ్రామములనుండి కూరగాయలను, పాలను, ఎరువు బస్తాలను మోయు పికప్ బండ్లలో పదిహేనేండ్లు దాటినవి నేటికిని చాల తిరుగుచున్నవి. ఒకనాటి ఉదయమున అట్టి బండి ఇంజనులో టకటకమని కొట్టుడు మొదలయినచో, యజమాని గుండెయు దానితోపాటు కొట్టుకొనును. షెడ్డునకు తీసికొనిపోగా “ఇంజను విప్పవలె”నను మాటయే తరచుగా మొదట వినబడును. ఇంజను విప్పి బోరు చేయించుటయన్న చిన్న రైతునకు ఒక పంట రాబడి పోయినట్లే. అట్లని శబ్దమును లెక్కచేయక తోలినచో, ఒక్కొక్కప్పుడు కనెక్టింగు రాడ్డు విరిగి ఇంజను దిమ్మను పగులగొట్టుకొని వెలుపలికి వచ్చును. శబ్దము డీసెలు మండుటలో పుట్టినదా, లేక అరిగిన లోహభాగములు ఒకదానికొకటి తగులుటచే పుట్టినదా యని ముందుగా తేల్చుకొనుటయే ఈ రెండు నష్టములను తప్పించుకొను ఉపాయము.

మేమిందు చెప్పునది పాత పద్ధతి ఫ్యూయల్ పంపు గల నాలుగు సిలిండర్ల ఇంజనులను గూర్చియే. కంప్యూటరు ఏలుబడిలో నడచు కామన్ రైలు ఇంజనుల పైపులను ఎవరును వదులు చేయరాదు. వానిలోని డీసెలు పీడనము చర్మమును చీల్చి లోనికి పోగలదు.

డీసెలు ఇంజనులో నిప్పురవ్వ యుండదు. గాలిని సుమారు ఇరువదింట నొకవంతునకు అదిమినప్పుడు పుట్టు వేడికే డీసెలు అంటుకొనును. పిచికారి అయిన క్షణమునకును, అంటుకొను క్షణమునకును నడుమ కొంత జాగు కలదు. ఆ జాగు పెరిగినచో లోన పోగుపడిన డీసెలంతయు ఒక్కసారిగా భగ్గుమనును. మనకు వినబడు గట్టిదెబ్బ అదియే. ఇంజను చల్లగానున్నప్పుడు ఈ శబ్దము హెచ్చుగానుండి, వేడెక్కిన కొలది తగ్గుట సహజము. నాజిలు సరిగా తుంపరగా చల్లక బొట్లుబొట్లుగా కార్చినను, పంపు టైమింగు ముందునకు జరిగినను, డీసెలులో పెట్రోలు కలిసినను అది మితిమీరును. పెట్రోలు బండిలో కొట్టుడును దీనివంటిదే యని కొందరు తలతురు గాని, అందు జరుగునది తలక్రిందులు: మండవలసిన వంతు రాకమునుపే పెట్రోలు తనంతట తానంటుకొనుట. ఒకదానికి చేయు మందు మరొకదానికి పనికిరాదు.

పరీక్ష ఆయిలుతో ప్రారంభింపవలెను. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి కొంతసేపు తాళి, గేజిపుల్ల తీసి చూడవలెను. ఆయిలు తగ్గియున్నచో దోషము తెలిసినట్లే. హెచ్చియున్నను సంతోషింపరాదు! పుల్లను వాసన చూడుడు. డీసెలు వాసన వచ్చినచో ఇంధనము ఆయిలులోనికి దిగుచున్నదన్నమాట. పలుచనైన ఆయిలు బేరింగులను కాపాడలేదు. ఇంజను నడుచుచుండగా ఆయిలు ఎర్రదీపము వెలిగి, కొట్టుడు కూడ వినబడినచో, ఉన్నచోటనే ఇంజను ఆపి, బండిని లాగించుకొని పోవలెను. “ఊరు రెండు మైళ్లే గదా” యని తోలినవారే రాడ్డు విరుగగొట్టుకొనుట మేము చూచితిమి.

ఆయిలు సరిగానున్నచో, ఫ్యాను బెల్టును తీసి అరనిమిషము మాత్రము ఇంజను నడిపి వినవలెను. శబ్దము పోయినచో దోషము ఆల్టర్నేటరులోనో, నీళ్ల పంపులోనో యున్నది, ఇంజను నిర్దోషి. బెల్టు లేకుండ బండిని కదలింపరాదు. పిదప పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికడ నుంచుకొని ఒక్కొక్క చోట వినుడు. తిరుగు భాగములకు చేయి, తువ్వాలు తగులకుండ చూచుకొనవలెను. పైమూతకడ సన్నని టిక్కుటిక్కు, అదియు ఇంజను వేగములో సగము తాళమున వినబడినచో, అది టాపెట్ల సందు పెరిగిన శబ్దము. దీనికి సరిచేయుటయే చాలును. క్రింద ఆయిలు ఛాంబరు పైభాగమున మొద్దుగా కొట్టుచు, వేడెక్కిన కొలది హెచ్చుచు, ఎక్సలేటరు వదలిన క్షణమున స్పష్టమగునది రాడ్డు బేరింగు. చల్లని ఇంజనులో గలగలమని, వేడెక్కగా అణగునది పిస్టను వదులు. దానితో కొంతకాలము జాగ్రత్తగా గడుపవచ్చును.

ఇంకను సందేహమున్నచో, తెలిసిన మెకానిక్కు చేత, ఇంజను స్లోలో నుండగా, నాజిళ్లకు పోవు పైపుల నట్లను ఒక్కొక్కటిగా కొంచెము వదులు చేయించవలెను. చేయి, ముఖము దూరముగా నుంచి, గుడ్డ అడ్డముంచుట అవసరము. ఏ సిలిండరునకు డీసెలు ఆగినప్పుడు కొట్టుడు తగ్గునో దోషము దానిలోనిది. కాని ఇచ్చటనే పొరపాటు జరుగును. మంట ఆగినప్పుడు బేరింగుపై బరువు తగ్గి, దాని శబ్దమును తగ్గును గదా! కావున ఆ సిలిండరు నాజిలును పక్కదానితో మార్చి, రాగి వాషర్లు కొత్తవి వేసి, తిరిగి వినవలెను. శబ్దము నాజిలుతోపాటు పక్క సిలిండరునకు పోయినచో నాజిలుదే దోషము. ఉన్నచోటనే యున్నచో అరుగుదల లోపలిది.

మదనపల్లె మార్కెట్టునకు టమాటాలు తోలు ఒక రైతు బండికి ఇట్టి చిక్కే వచ్చెను. మంచి కోత కాలము. ఒక షెడ్డులో ఇంజను విప్పవలెనని చెప్పి, వారము గడువు అడిగిరి. వారము బండి ఆగినచో పండు తోటలోనే మెత్తబడును. ఆ రైతు మరియొక మెకానిక్కు చేత ఆయిలు చూపించి, మూడవ నాజిలును రెండవదానితో మార్పించెను. కొట్టుడు రెండవ సిలిండరునకు వచ్చెను. పొగగొట్టమునుండి వచ్చు నల్లపొగ మాత్రము అట్లే యుండెను. ఆ నాజిలును పరీక్షకు పంపగా, అది కార్చుచున్నట్లు తేలెను. మరునాటి సాయంకాలమునకు కొత్త నాజిలు కొన వేసిరి. ఆ రాత్రియే బండి బుట్టలతో బయలుదేరెను.