లారీలో సరుకు విరిగితే 180 రోజులు మరవొద్దు

ఒకటి లేత్ యంత్రం, ఇంకొకటి గ్రానైట్ పలకలు, మరొకటి ఉక్కు కాయిల్. ఈమధ్య నా దగ్గరకొచ్చిన మూడు కేసుల్లో సరుకు వేరైనా కథ ఒక్కటే. బరువైన సరుకును ట్రెయిలర్ మీద సరిగా బిగించలేదు. దారిలో గట్టిగా బ్రేకు పడేసరికి జారి దెబ్బతింది. తప్పు మూడింట్లోనూ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళదే. అయినా ఇద్దరు తమ హక్కును చేజేతులా పోగొట్టుకుని వచ్చారు.

లేత్ కేసు నన్ను బాగా బాధపెట్టింది. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపు నడుపుకునే ఆయన బ్యాంకు అప్పు తీసుకుని కోయంబత్తూరు నుంచి 11 లక్షల యంత్రం తెప్పించుకున్నాడు. ఫొటోలు చూశాను. నాలుగు టన్నుల యంత్రాన్ని నున్నటి ఇనుప ప్లాట్‌ఫామ్ మీద నేరుగా నిలబెట్టారు. కింద రబ్బరు మ్యాట్ లేదు, ముందు అడ్డంగా చెక్కదిమ్మె లేదు. గొలుసులు, రాచెట్ బెల్టులు వాడాల్సిన చోట రెండు నైలాన్ తాళ్ళు. అవి కూడా యంత్రం పదునైన అంచు మీద ఒరుసుకుంటున్నాయి. ‘‘ఇంత బరువు ఎక్కడికి కదులుతుంది సార్’’ అన్నారట లోడింగ్ వాళ్ళు. బరువైనది కదలదనుకోవడమే పెద్ద పొరపాటు. గట్టిగా బ్రేకు వేస్తే సరుకు తన బరువులో 80 శాతం దాకా బలంతో ముందుకు తోస్తుందని లెక్కగట్టి యూరప్‌లో ప్రమాణాలు పెట్టుకున్నారు. ఆ లెక్కన ఈ యంత్రాన్ని ఆపడానికి ముందువైపు మూడు టన్నులకు పైగా పట్టు ఉండాలి. రెండు నైలాన్ తాళ్ళకు అది సాధ్యమా? ఒంగోలు దాటాక తాళ్ళు తెగాయి, యంత్రం ఒరిగింది, హెడ్‌స్టాక్ పగిలింది.

చట్టం ఆయన వైపే ఉంది. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం సరుకు పాడైతే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయక్కర్లేదు. ప్రకృతి వైపరీత్యం, యుద్ధం, అల్లర్ల వంటి కొన్ని కారణాలు చూపితేనే వాళ్ళు తప్పించుకోగలరు. ఎదురుగా గేదె వచ్చిందనో, డ్రైవరు సడన్ బ్రేకు వేశాడనో చెబితే చెల్లదు. లారీ రసీదు (ఎల్ఆర్) మీద ‘ఓనర్స్ రిస్క్’, అంటే నష్టం సరుకు యజమానిదే, అని ముద్ర కొట్టినా నిర్లక్ష్యం చేసిన సంస్థకు అది రక్షణ కాదని పాత చట్టం కిందే సుప్రీంకోర్టు 2000లో తేల్చేసింది.

మరి ఆయన ఎక్కడ నష్టపోయాడు? అదే చట్టంలోని 16వ సెక్షన్ దగ్గర. నష్టం గురించి ట్రాన్స్‌పోర్ట్ సంస్థకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా వాళ్ళకు అందాలి. లేకపోతే దావా నడవదు. ప్రమాదం జరిగిన రోజు నుంచి కాదు, సరుకు చేతికొచ్చిన రోజు నుంచి కాదు, బుకింగ్ తేదీ నుంచి. సివిల్ కోర్టుకు వెళ్ళినా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళినా ఈ నోటీసు తప్పదు.

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు మేనేజరు ఆయన్ని ‘‘హెడ్డాఫీసుతో మాట్లాడుతున్నా, మీకు న్యాయం చేస్తాం’’ అంటూ నెలల తరబడి తిప్పాడు. పండగ అయ్యాక అన్నాడు, ఆడిటింగ్ అయ్యాక అన్నాడు. ఆయన నా దగ్గరకొచ్చేసరికి బుకింగై ఏడు నెలలు దాటింది. ఫోన్లో వందసార్లు అడిగి ఉండొచ్చు, చట్టం చెప్పిన నోటీసు అది కాదు. అంత డబ్బు పోయిన మనిషి ఒక్క కాగితం ముక్క పంపకుండా అన్నాళ్ళు ఊరుకున్నాడంటే కోపం వస్తుంది, జాలీ వేస్తుంది. గ్రానైట్ వ్యాపారి సంగతీ అంతే. ఆయనకు ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఉంది. కానీ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ మీద ఉన్న హక్కును కాపాడలేదంటూ బీమా కంపెనీ కూడా అభ్యంతరం పెట్టింది. కాయిల్ తెప్పించుకున్నాయన మాత్రం రెండో వారంలోనే నోటీసు పంపాడు. ఆయన కేసు నడుస్తోంది.

ఇంకో లెక్క కూడా చూడండి. సరుకు ఇచ్చేటప్పుడు ఎక్కువ రిస్కు రేటు కడతామని స్పష్టంగా ఒప్పుకోకపోతే, 2011 నిబంధనల ప్రకారం సంస్థ బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లకే పరిమితం. లేత్‌కు కట్టిన కిరాయి 28 వేలు. అంటే నోటీసు సకాలంలో ఇచ్చి ఉన్నా సాధారణంగా పరిహారం 2 లక్షల 80 వేలకు మించదు. ఎక్కువ రిస్కు రేటు అడగాలనుకునే సంస్థ ఆ రేట్లను ఇంగ్లీషులోనూ రాష్ట్ర భాషలోనూ ఆఫీసులో ప్రదర్శించాలని చట్టం చెబుతోంది. నేను వెళ్ళిన ఆఫీసుల్లో ఆ బోర్డు కనిపించలేదు. తనిఖీ చేయాల్సిన అధికారులకు అది పట్టినట్టు లేదు. కాబట్టి మీరే అడగండి. సరుకు అప్పగించేటప్పుడు రాసిచ్చే ఫార్వర్డింగ్ నోట్‌లో దాని అసలు విలువ రాయండి. కాస్త కిరాయి తగ్గుతుందని ఎల్ఆర్ లేకుండా సరుకు ఎక్కించొద్దు.

లోడింగ్ అయ్యాక గొలుసులు, దిమ్మెలు కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు తీయించండి. సరుకు వచ్చాక కట్లు విప్పకముందే మళ్ళీ తీయండి. దెబ్బతిన్న సరుకుకు ‘బాగానే అందింది’ అని సంతకం పెట్టొద్దు. ఏం విరిగిందో ఎల్ఆర్ కాపీ మీద మీ చేత్తో రాసి, ఆ తర్వాతే సంతకం చేయండి.

నోటీసు సంగతి మళ్ళీ చెబుతున్నాను. ఎల్ఆర్ మీదున్న ట్రాన్స్‌పోర్ట్ సంస్థ చిరునామాకు, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో పోస్టులో పంపండి. 179వ రోజున పోస్టు చేస్తే అందేసరికి గడువు దాటవచ్చు. రాజీ మాటలు నడుస్తుంటే నడవనివ్వండి, నోటీసు మాత్రం ఆపొద్దు. మీ సరుకు ఇప్పటికే పాడై ఉంటే ఎల్ఆర్ తీసి బుకింగ్ తేదీ చూడండి. గడువు మిగిలి ఉంటే ఈ వారంలోనే పంపండి.