వద్దని రాసిన ఉత్తరం

కూలికి పోయే ఒక అక్క వెంట ఒకడు రోజూ పడుతున్నాడు. ఫోను కూడా చేస్తున్నాడు. వద్దని నోటితో చెప్పింది. "ఎప్పుడు చెప్పావు?" అని బుకాయించాడు. అప్పుడు అక్క కాగితం తీసుకుంది.

"నా వెంట రావద్దు. ఫోను చేయవద్దు. నాకు ఇష్టం లేదు. మళ్లీ వస్తే పోలీసులకు చెబుతాను."

కింద తేదీ వేసి సంతకం పెట్టింది. తిట్లు రాయలేదు. తిట్లు రాస్తే అసలు మాట పక్కకు పోతుంది. అదే ఇంకో కాగితం మీద రాసి దాచుకుంది. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు కూడా దాచింది.

ఇష్టం లేదని ఆడమనిషి తేటగా తెలిపినా పదేపదే వెంటపడితే అది నేరం. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఇది 78వ సెక్షను. మొదటిసారికి 3 ఏళ్ల దాకా జైలు. చెప్పినట్టు రుజువు ఆ కాగితమే. ప్రాణభయం ఉంటే మాత్రం ఉత్తరం దాకా ఆగరాదు, వెంటనే 112కు ఫోను చేయాలి.