పెద్ద కూలర్ - ఇరుకు పెట్టె

కంప్యూటర్‌లోని ప్రాసెసర్ వాడుకొనే విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారుతుంది. 65 వాట్ల ప్రాసెసర్ 60 వాట్ల ఫిలమెంటు బల్బుకన్నా ఎక్కువ వేడినిస్తుందన్న మాట! ఆ వేడి పోకపోతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకొంటుంది.

అందుకే దానిపై కూలర్ అమరుస్తారు. కూలర్ రాగి గొట్టాలలో కొద్దిగా నీరుంటుంది. నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కదా మరిగేది? మరి ఇక్కడ 60 డిగ్రీలకే ఎలా ఆవిరవుతుంది? గొట్టంలోని గాలిని ముందే తీసివేసి మూసేస్తారు. పీడనం తగ్గితే మరుగు స్థానం కూడా తగ్గుతుంది. ఆవిరి తన వేడిని అల్యూమినియం రేకులకు అందించి, మళ్ళీ నీరై వెనక్కు వస్తుంది. రేకుల వేడిని ఫ్యాను గాలి తీసుకుపోతుంది.

రేకుల వైశాల్యం పెరిగితే వేడి త్వరగా పోతుంది. కాని కూలర్ పెట్టెలో పట్టాలి కదా! నాక్టువా కంపెనీవారి ఎన్.హెచ్.-డి15 కూలర్ ఎత్తు 165 మిల్లీమీటర్లు. ప్రాసెసర్ పైభాగం నుంచి పెట్టె తలుపు వరకు 155 మిల్లీమీటర్లే ఉంటే తలుపు మూతపడదు. కొనేముందే స్కేలుతో కొలవాలి. పక్కనున్న మెమరీ పలకలకు తగులుతుందేమో కూడా చూడాలి.

పట్టినంత మాత్రాన చాలదు. పెట్టె రంధ్రాలు మూసుకుపోతే ఫ్యాను వేడి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. ఇరుకు పెట్టెకు తక్కువ వేడినిచ్చే ప్రాసెసర్, పొట్టి కూలర్ తగినవి. అదే కంపెనీ ఎన్.హెచ్.-ఎల్9ఐ కూలర్ ఎత్తు 37 మిల్లీమీటర్లే!

కూలర్ వేడిని గాలికి అప్పగిస్తుంది, అంతే. ఆ గాలి బయటికి పోతేనే ప్రాసెసర్ చల్లబడుతుంది.