తెల్లకణముల గాడిపొయ్యి

పెండ్లియింటి వంట మీరు చూచియే యుందురు. నిత్యము ఇంటిలోని చిన్నపొయ్యి నాలుగు కట్టెలతో సరిపుచ్చుకొనును. పెండ్లినాడు మాత్రము పెరటిలో గాడిపొయ్యి త్రవ్వి బండెడు కట్టెలు తగులబెట్టుదురు. సగము కట్టె బొగ్గుగా మిగిలిపోవును. ఐనను వందలమందికి వేళకు వడ్డింపవలెను గదా! మన రక్తమునందలి తెల్లకణములును ఇట్లే చేయునట. నేను తెలుగు పంతులను. మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు ఈ సంగతి చెప్పినప్పుడు వెంటనే నమ్మలేకపోతిని.

తెల్లకణములలో టీ కణములు అను తెగ యొకటి కలదు. శత్రువు కానరానంతవరకు అవి మితాహారులు. గ్లూకోజు అను చక్కెరను మైటోకాండ్రియా అను సూక్ష్మాంగములలో ప్రాణవాయువు సాయమున పూర్తిగా దహించుకొనును. ఒక గ్లూకోజు అణువునుండి ఇట్లు సుమారు 30 ఏ.టి.పి. అణువులు లభించును. ఇవి కణము వ్యయించుకొను శక్తినాణెములు. రోగక్రిమిని గుర్తించినంతనే పద్ధతి మారును. కణము చక్కెరను విశేషముగా లోనికి లాగికొని, ప్రాణవాయువు చాలినంత యున్నను, అందు పెద్దభాగమును సగములోనే లాక్టిక్ ఆమ్లముగా మార్చి వెలుపలికి పంపివేయును. ఈ మార్గమున దక్కునవి 2 నాణెములే!

ఇది దుబారా యనిపించును గాని కాదు. పని త్వరగా జరుగును. అంతేకాక, ఆ కణము కొలదిదినములలో వేలకొలది కణములుగా విభజన పొందవలెను. చక్కెర విరుగుచుండగా నడుమ నేర్పడు పదార్థములే క్రొత్తకణముల కేంద్రకామ్లములకును పొరలకును ముడిసరకు. పోరు ముగిసినపిమ్మట పెక్కు కణములు నశించును. మిగిలిన జ్ఞాపకకణములు మరల చిన్నపొయ్యికి వచ్చి ఏండ్లతరబడి కాపుండును.

జర్మనీ శాస్త్రజ్ఞుడు ఓటో వార్బర్గ్ 1920 తరువాతి దశాబ్దమున కేన్సరుకణములందును ఇట్టి గాడిపొయ్యినే కనుగొనెను. ప్రమాద మిక్కడనే యున్నది. కంతి చక్కెరను హరింపగా టీ కణములు శత్రువు నెదుట నుంచుకొనియు పోరాడలేకపోవుట 2015లో ఎలుకలపై జరిగిన పరిశోధనలలో కనబడినది. 2021నాటి మరియొక పరిశోధన, కంతిలో చక్కెరను మిక్కిలిగా లాగికొనునవి తెల్లకణములలోని వేరొక తెగయే యని చూపి, కథను చిక్కుపరచినది.

ఐనచో చక్కెర అధికమైన మేలుగదా యందురేమో! మధుమేహరోగి రక్తమున చక్కెర మిక్కుటము. ఐనను అతని తెల్లకణములు క్రిములను మ్రింగుటలో మందగించును, కాలిపుండు త్వరగా మానదు. ఇక తిండి చాలని బిడ్డలకు, టీ కణములు పరిపక్వమగు థైమస్ గ్రంథియే కృశించిపోవును. తట్టు సోకినపుడు అట్టి బిడ్డలే యెక్కువగా మరణించుచున్నారు.