పథ్యం అంటే తినడమా, మానడమా?

ప్రశ్న: జ్వరం తగ్గితే మా నాయనమ్మ "ఇవాళ పథ్యం పెట్టాలి" అంటుంది. డాక్టరుగారేమో "పథ్యం అక్కర్లేదు, అన్నీ తినండి" అన్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, హల్దియాపదర్, బరంపురం

జవాబు: ఇద్దరిదీ సరైన తెలుగేనమ్మా! మాట సంస్కృతానిది. 'పథం' అంటే దారి. దారి తప్పనిది పథ్యం. ధర్మానికి తప్పనిది ధర్మ్యం, న్యాయానికి తప్పనిది న్యాయ్యం అయ్యే పాణిని సూత్రంలోనే ఇదీ ఉంది. ఆయుర్వేదం దాన్ని ఒంటికి మేలుచేసే తిండికి వాడింది. మీ పక్కింటి ఒడియావారికీ ఇది తెలిసిన మాటే, 'పథ్య' అంటారు.

మన ఇళ్లలో లంఖణాల తర్వాత రోగికి పెట్టే తొలి అన్నం పథ్యమైంది: మెత్తగా ఉడికిన పాతబియ్యం అన్నం, మిరియాల చారు, బీరకాయ కూర. వంకాయ, గోంగూర ఆ ఛాయలకే రాకూడదు! ఆ 'రాకూడదు' బలపడి, పథ్యమంటే నిషేధమనే అర్థమూ స్థిరపడింది. మీ నాయనమ్మ మొదటి అర్థంలో, డాక్టరు రెండో అర్థంలో మాట్లాడారు.

లంఖణం మాత్రం డాక్టరు చెప్పకుండా చేయించకండి. జ్వరంలోనూ ఒంటికి నీళ్లు, తిండి కావాలి.